పదిహేనేళ్ళుగా నాన్నగారికి విటమిన్ బిళ్ళలు వేశాను. ఇప్పుడు రక్త క్యాన్సర్ అంటున్నారు. దానివల్లేనా?

గాజువాక గౌరి
నాన్నగారికి 66. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. రెండు నెలలుగా ఎడమ డొక్కలో బరువుగా ఉందని, రెండు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతోందని అంటుంటే గ్యాస్ అనుకున్నాం. మనిషి చిక్కిపోతున్నారని సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, చేయిస్తే తెల్లకణాలు 1,64,000 వచ్చాయి. ల్యాబ్ వాళ్ళకే నమ్మకం కుదరక రెండోసారి రక్తం తీశారు. మళ్ళీ అదే అంకె. ఆ తర్వాత ఎముక మజ్జ పరీక్ష, జన్యు పరీక్ష. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ అని తేల్చారు.

నా బాధ వేరు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, 2009లో, మొదటి జీతంతో నాన్నగారికి విటమిన్ బిళ్ళలు కొన్నాను. అప్పట్నుంచి ఒక్క నెల ఆగలేదు. పొద్దున్న బీ కాంప్లెక్సు, విటమిన్ ఈ 400, మధ్యాహ్నం చప్పరించే సీ బిళ్ళ, ఆదివారం పాలల్లో డీ3 పొడి. అన్నీ పాత బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటాయి. ఇడ్లీ ప్లేటు అంచు మీద అమ్మ ఆ రెండు బిళ్ళలూ పెడితే తప్ప నాన్నగారు టిఫిను ముట్టుకోరు. అంత అలవాటు.

ఇప్పుడు రిపోర్టులో బీ12 2000 పైన అని వచ్చింది. మా మేనత్త ఆసుపత్రి వరండాలో నలుగురి ముందూ "మింగించి మింగించి మీరే తెచ్చిపెట్టారు" అనేసింది. అమ్మ ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. డబ్బా పట్టుకెళ్ళి పెరట్లో పారేసి, కాసేపటికి తనే వెళ్ళి తెచ్చుకుంది. ఇన్నేళ్ళు విటమిన్లు వాడితే రక్త క్యాన్సర్ వస్తుందా? తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. ఓదార్పు కోసం అబద్ధం వద్దు.

పెందుర్తి పెద్దమ్మ
ఓలమ్మా, ముందు ఆ తల్లి చేత అన్నం తినిపించు. బిడ్డ ప్రేమగా తెచ్చింది, భార్య ప్రేమగా పెట్టింది. అందులో పాపం ఏటుంది?

కంచరపాలెం రవి
ఏటీ అనుకోకండి గానీ నేను మొదట్నుంచీ చెప్తున్నదే ఇది. విటమిన్ బిళ్ళలన్నీ కంపెనీల వ్యాపారం. ఒంట్లో పేరుకుపోయి క్యాన్సర్ అవుతాయి. మా గ్రూపులో మొన్ననే ఒక పెద్ద మెసేజ్ వచ్చింది.

ల్యాబ్ శ్రీను
రవన్నా, ఆ మెసేజ్ ఇక్కడ పెట్టకండి, దండం పెడతాను. గౌరిగారూ, బీ12 అంకె గురించి నేను ఒకటి చెప్పాలి. సీఎంఎల్ వాళ్ళ రిపోర్టుల్లో బీ12 ఆకాశంలో ఉండటం మేం తరచూ చూస్తాం. జన్మలో ఒక్క బిళ్ళ మింగనివాళ్ళకి కూడా. కారణం డాక్టర్లు ఎవరైనా చెప్తే బాగుంటుంది. నాకు తెలిసింది పైపైనే.

రాత్రిడ్యూటీ
నేను హెమటాలజీలో, అంటే రక్తం జబ్బుల విభాగంలో, శిక్షణలో ఉన్నాను. శ్రీను గారు చెప్పింది నిజం. కొంచెం వివరంగా రాస్తాను.

రక్తంలో బీ12 ఒంటరిగా తిరగదు. దాన్ని పట్టుకుని తిప్పే ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో హాప్టోకోరిన్ అనేదాన్ని ఎక్కువగా తయారుచేసేవి తెల్లకణాలే. సీఎంఎల్‌లో తెల్లకణాలు పది ఇరవై రెట్లు పెరిగిపోతాయి కదా, ఆ ప్రొటీనూ పెరుగుతుంది, అది పట్టుకున్న బీ12ని వదలదు. అందుకే పరీక్షలో అంకె పెద్దదిగా వస్తుంది. అంటే బీ12 పెరగడం వల్ల జబ్బు రాలేదు, జబ్బు రావడం వల్ల బీ12 పెరిగింది. మీ మేనత్తగారు ఫలితాన్ని పట్టుకుని కారణం అంటున్నారు.

డెన్మార్క్‌లో 3,33,667 మంది బీ12 రిపోర్టులు తీసి చూసిన అధ్యయనం 2013లో వచ్చింది. బీ12 మందుగా వాడుతున్నవాళ్ళని ముందే పక్కన పెట్టేశారు. అయినా, బీ12 బాగా ఎక్కువున్నవాళ్ళలో క్యాన్సర్లు, ముఖ్యంగా రక్తానికి సంబంధించినవి, ఎక్కువ బయటపడ్డాయి. అదీ పరీక్ష చేసిన మొదటి ఏడాదిలోనే ఎక్కువ. లోపల అప్పటికే ఉన్న జబ్బు ముందు ఈ అంకెలో కనిపించిందన్నమాట. కాబట్టి ఏ బిళ్ళా వాడకుండా బీ12 విపరీతంగా ఎక్కువ వస్తే ఒక సీబీపీ చేయించడం మంచిది.

గాజువాక గౌరి
ఇది చదివి అమ్మకి వినిపించాను. "మరి పదిహేనేళ్ళు మింగినదంతా ఏమైనట్టు?" అంది. నాకూ అదే అనుమానం. అంకె సంగతి సరే, జబ్బు మొదలవడానికి అవి కారణం కాదని ఎలా అనగలం?

రాత్రిడ్యూటీ
సరైన ప్రశ్న. సీఎంఎల్‌లో జరిగేది ఇదీ: ఎముక మజ్జలో ఒకే ఒక్క మూలకణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క ఒకదాని చోటికి ఇంకొకటి మారిపోతాయి. ఆ పొరపాటుగా మారిన క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు, అందుకే దానికి ఆ ఊరి పేరే. ముక్కలు రెండూ తారుమారవుతున్నాయని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారు. అతుక్కున్న చోట బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. వాషర్ పోయిన కుళాయిలాంటిది అది. ఎంత తిప్పినా కట్టదు, కణాలు పుడుతూనే ఉంటాయి.

ఇలా మారడానికి కారణమని గట్టిగా రుజువైంది ఎక్కువ మోతాదు రేడియేషన్. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బయటపడ్డవాళ్ళలో సీఎంఎల్ పెరగడం లెక్కలతో సహా నమోదైంది. మిగతావాళ్ళలో చాలామందికి ఏ కారణమూ దొరకదు. మా ఓపీలో ప్రతి ఒక్కరూ అడిగేది "నేనేం చేశానని వచ్చింది?" అనే. చాలాసార్లు జవాబు, ఏమీ చేయలేదనే.

వన్‌టౌన్ వాసు
ఒక్క మనిషి సంగతి వదిలేసి, వేలమందిని పెట్టి ఎవరైనా లెక్క తీశారా? విటమిన్లు వాడేవాళ్ళు ఇంతమంది, వాడనివాళ్ళు ఇంతమంది అని?

రాత్రిడ్యూటీ
తీశారు వాసు గారూ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 50 నుంచి 76 ఏళ్ళ వయసువాళ్ళు 66,227 మందిని, గత పదేళ్ళలో ఏ విటమిన్ ఎంతకాలం వాడారో అడిగి రాసుకుని, తర్వాత కొన్నేళ్ళు గమనించారు. 588 మందికి రక్తానికి సంబంధించిన క్యాన్సర్లు వచ్చాయి. 2011లో అచ్చయింది. మల్టీవిటమిన్ ఎక్కువ కాలం వాడినవాళ్ళకి రక్త క్యాన్సర్ ముప్పు పెరిగిందని అందులో తేలలేదు. వెల్లుల్లి గుళికలు వాడినవాళ్ళలో కొంచెం తక్కువగా కనిపించింది కూడా. కానీ వెల్లుల్లే కాపాడిందని అనలేం, అలాంటి గుళికలు వాడేవాళ్ళ మిగతా అలవాట్లు కూడా వేరుగా ఉంటాయి కాబట్టి.

పెందుర్తి పెద్దమ్మ
వెల్లుల్లి కారం వేసుకుని వేడన్నం తినమని నేను ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. గుళిక ఎందుకు బాబూ, రోలు ఉండగా.

అడవివరం అబ్బాయి
పెద్దమ్మా మీ ఇల్లెక్కడో చెప్పండి, ఆదివారం కేరియరు పట్టుకుని వచ్చేస్తాను 😄

ఉక్కునగరం 78
నా స్నేహితుడొకాయన, నాతోపాటు 30 ఏళ్ళు షిఫ్టు చేసినవాడు. ఒంటికి ఏమొచ్చినా బిళ్ళ ముట్టని మనిషి. జ్వరం వస్తే మిరియాల కషాయం. మూడేళ్ళ క్రితం వెన్నునొప్పి అని వెళ్తే మైలోమా, అదీ రక్త క్యాన్సరే. మరి అతనికి ఎవరు మింగించారు? గౌరమ్మా, మీ అత్త మాట మనసులో పెట్టుకోకు.

మన విశాఖలో అడగాల్సిన ప్రశ్న గాలి గురించి. బెంజీన్ అనే రసాయనం రక్త క్యాన్సర్ తెస్తుందని ప్రపంచమంతా ఒప్పుకున్నదే. బొగ్గును కోక్ చేసే చోట వచ్చే గ్యాసులో బెంజీన్ ఉంటుంది, పెట్రోల్లో ఉంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం లీకయి పన్నెండు మంది పోయారు. విటమిన్ బిళ్ళని అనుమానించే ముందు వాటిని కదా అనుమానించాలి.

కంచరపాలెం రవి
ఇది మాత్రం ఒప్పుకుంటాను. డాబా మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఏ రంగుకి వస్తుందో మా వైపు వచ్చి చూడండి.

రాత్రిడ్యూటీ
ఉక్కునగరం బాబాయ్ గారూ, బెంజీన్ మాట నిజమే. కానీ దాని మీద గట్టి రుజువున్నది ఏఎంఎల్ అనే తీవ్రమైన ల్యూకేమియాకి, అంటే తెల్లకణాల క్యాన్సర్‌కి. సీఎంఎల్‌కి అంత గట్టిగా లేదు. స్టైరీన్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'బహుశా క్యాన్సర్ కారకం' అనే జాబితాలో పెట్టింది. గాలి సంగతి వదిలేయమనను. గౌరిగారి నాన్నగారి జబ్బుకి అదే కారణమని చెప్పలేను, అంతే. బిళ్ళల మీద నిందని తీసి ఆధారం లేకుండా ఇంకోదాని మీద వెయ్యకూడదు కదా.

ఉక్కునగరం 78
నిజమే బాబూ. అక్కడ ఆవేశపడ్డాను.

సీతమ్మధార శారద
మా తమ్ముడి సంగతి చెప్తాను. వాడిది పూర్తి శాకాహారం, పాలు కూడా పడవు. రెండేళ్ళ క్రితం మెట్లెక్కితే ఆయాసం, నాలుక ఎర్రగా నున్నగా అయిపోయింది. సీబీపీలో మూడు రకాల కణాలూ పడిపోయాయి. హిమోగ్లోబిన్ 5.2, ప్లేట్‌లెట్లు 60 వేలు. మొదట చూసిన డాక్టరు "ల్యూకేమియా కావొచ్చు, సిద్ధంగా ఉండండి" అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో దీపం పెట్టడం కూడా మర్చిపోయాం. తర్వాత పెద్ద డాక్టరు గాజుపలక మీద రక్తం చూసి బీ12 పరీక్ష రాశారు. వందలోపు ఉంది. ఇంజక్షన్లు మొదలుపెట్టిన వారానికి వాడు లేచి కూర్చుని పెసరట్టు అడిగాడు. రెండు నెలలకి రిపోర్టు మామూలైపోయింది.

విటమిన్లన్నీ విషం అని రవి గారు రాస్తే నాకు భయమేసింది. ఇది చదివి వాడు ఇంజక్షను మానేస్తే?

రాత్రిడ్యూటీ
శారద గారూ, మీ తమ్ముణ్ణి ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దని చెప్పండి. బీ12 లోపం అచ్చం రక్త క్యాన్సర్‌లాగే కనిపించి హడలగొడుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలోనూ బీ12 తగ్గుతుంది. లోపం ఉన్నవాళ్ళకి అది మందు, సరదా బిళ్ళ కాదు.

మందులషాపు మల్కాపురం
మా కౌంటరు దగ్గర రోజూ చూసేది చెప్తాను. జేబులోంచి చినిగిన పాత స్ట్రిప్ ముక్క తీసి "ఇదే ఇవ్వు" అంటారు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అంటే ఎనిమిదేళ్ళ క్రితం అంటారు. ఆ డాక్టరు రాసింది నెలరోజులకి. మిగతా ఏడేళ్ళ పదకొండు నెలలు వీళ్ళే రాసుకున్నారు.

అందరూ బీ కాంప్లెక్సు అంటారు గానీ స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడరు. నా ఎదురుగా ఉన్న గుళికలో ఫోలిక్ యాసిడ్ 1.5 మిల్లీగ్రాములు ఉంది. బిళ్ళల రూపంలో పెద్దవాళ్ళకి రోజుకి 1 మిల్లీగ్రాము దాటొద్దని అమెరికా వాళ్ళ హద్దు. విడిగా అమ్మే ఫోలిక్ బిళ్ళ అయితే ఏకంగా 5. అది అవసరమున్నవాళ్ళకి డాక్టరు రాసేది, పప్పుబెల్లాల్లా తినేది కాదు. ఇంకోటి, డీ3 60,000 యూనిట్ల పొడి వారానికి ఒకటి. ఒకాయన రోజుకొకటి చొప్పున నెలన్నర తాగీశారు. వాంతులు, మతిమరుపు, మలబద్ధకం. కాల్షియం పెరిగిపోయి కిడ్నీల దాకా వెళ్ళింది. పది రోజులు ఆసుపత్రి. గౌరిగారు ఆదివారం ఆదివారం ఇచ్చారు కాబట్టి ఆ ప్రమాదం తక్కువే, కానీ ఎన్నేళ్ళు?

గాజువాక గౌరి
నాలుగేళ్ళు. ఎముకల డాక్టరు ఎనిమిది వారాలు అని రాశారు. నేనే కొనసాగించాను. పాత చీటీ ఇప్పుడు తీసి చూస్తే '8' అని స్పష్టంగా ఉంది.

మందులషాపు మల్కాపురం
అందరూ చేసేదే అమ్మా. మేం కూడా అడగాలి, అడగం. ఈ మధ్య నేను అడగడం మొదలుపెట్టాను, కొంతమంది పక్క షాపుకి పోతున్నారు. పోనీ.

భీమిలి మాస్టారు
ఫోలిక్ యాసిడ్ మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళ కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఈ ప్రశ్నకి మూలం ఎనభై ఏళ్ళ క్రితందే, అందులో మన తెలుగువాడు ఉన్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టక రక్తం పాలిపోయే జబ్బది. ఆయనకీ వచ్చి బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్ళి, చివరికి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన అధిపతి అయ్యారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి అది మందయింది.

అప్పుడు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యూకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా మజ్జలో కణాలు ఇంకా వేగంగా పెరిగాయి. ఆయన అక్కడ ఆగిపోకుండా తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ ఇస్తే పెరిగితే, ఫోలిక్‌ని అడ్డుకుంటే? ఆ అడ్డుకునే మందు అమినోప్టెరిన్‌ని తయారుచేసి ఇచ్చింది సుబ్బారావు గారి బృందమే. 1948లో 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకు ముందు మందుతో ఆ జబ్బు వెనక్కి తగ్గడమన్నదే లేదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, నేటికీ వాడుతున్నారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్ళకి.

పాఠం చెప్పేటప్పుడు ఈ ఘట్టం దగ్గర నాకు ఏటా గొంతు పట్టేసేది.

కంచరపాలెం రవి
చూశారా! ఫోలిక్ ఇస్తే ల్యూకేమియా పెరిగిందని మాస్టారే రాశారు. నేను చెప్పిందీ అదే కదా.

రాత్రిడ్యూటీ
కాదు రవి గారూ. ఇక్కడ తేడా పెద్దది. ఆ పిల్లలకి జబ్బు అప్పటికే ఉంది. కలుపు మొక్క మొలిచాక ఎరువు వేస్తే కలుపూ పెరుగుతుంది, కానీ ఎరువు వేసినంత మాత్రాన కలుపు పుట్టదు. జబ్బున్నవాళ్ళు సొంతంగా విటమిన్లు మింగొద్దని మేం చెప్పేది అందుకే.

లేనివాళ్ళ సంగతా? ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన 13 ట్రయల్స్ (మనుషులకి ఇచ్చి చూసే పరీక్షలు), దాదాపు 50,000 మంది లెక్కలు కలిపి 2013లో చూశారు. ఐదేళ్ళ వరకూ మొత్తం మీద క్యాన్సర్లు చెప్పుకోదగినంత పెరగలేదు. నార్వేలో గుండె జబ్బువాళ్ళ 6,837 మంది ట్రయల్స్‌లో మాత్రం ఫోలిక్, బీ12 తీసుకున్నవాళ్ళలో క్యాన్సర్ కొంచెం ఎక్కువగా వచ్చింది, అందులో ముఖ్యంగా ఊపిరితిత్తులది. రెండూ చెప్తున్నాను, ఒకటి దాచను.

వన్‌టౌన్ వాసు
అంటే విటమిన్లు క్యాన్సర్ తేవని పూర్తిగా కొట్టిపారేయలేం అన్నమాట?

రాత్రిడ్యూటీ
రక్త క్యాన్సర్ తెస్తాయని రుజువు లేదు. కానీ ఎక్కువ మోతాదులో, ముఖ్యంగా పొగతాగేవాళ్ళకి, కొన్ని హాని చేశాయి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళు 29,133 మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఈ ఇచ్చి చూస్తే 1994లో తేలింది: బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. కాపాడుతుందని ఇచ్చిందే ఎదురుతిరిగింది. మన గౌరిగారి డబ్బాలో ఉన్న విటమిన్ ఈ సంగతి కూడా. అమెరికాలో 35 వేల మంది మగవాళ్ళ ట్రయల్‌లో రోజుకి 400 యూనిట్లు తీసుకున్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో బయటపెట్టారు. అందుకని విటమిన్ ఈ 400 బిళ్ళని ఏళ్ళ తరబడి వాడటం ఆపేయమనే చెప్తాను, రక్త క్యాన్సర్ భయంతో కాదు.

బీచ్‌రోడ్ నడక
అయ్యో. ఆర్కే బీచ్ దగ్గర మా నడక బ్యాచ్‌లో పదకొండు మందిమి. వాళ్ళలో ఏడుగురు ఆ ఆకుపచ్చ విటమిన్ ఈ గుళిక వేసుకుంటారు. జుట్టుకి, చర్మానికి, గుండెకి అని ఒకరిని చూసి ఒకరం. నేనూ ఆరేళ్ళ నుంచి. రేపు పొద్దున్నే అందరికీ ఇది చదివి వినిపిస్తాను.

ల్యాబ్ శ్రీను
జుట్టు అన్నారు కాబట్టి, బయోటిన్ ఎక్కువున్న బిళ్ళలు వాడేవాళ్ళు రక్త పరీక్షకి ముందు మాకు చెప్పండి. థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావొచ్చు. లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. కొన్ని గుండె పరీక్షలు ఉన్నది లేనట్టు చూపిస్తాయి. మేం అడగం, మీరు చెప్పరు, మధ్యలో డాక్టరుగారు తల పట్టుకుంటారు.

తగరపువలస కిరణ్
మా ఆవిడకి మూడో నెల. ఏఎన్ఎం గారు ఇచ్చిన ఐరన్ ఫోలిక్ బిళ్ళలు వేసుకుంటోంది. ఇదంతా చదివాక భయమేసి నిన్న వేసుకోవద్దన్నాను. ఆపేయమంటారా?

రాత్రిడ్యూటీ
ఆపొద్దు! ఈ రాత్రే వేయించండి. ఫోలిక్ యాసిడ్ లేక బిడ్డ వెన్నుపాము సరిగ్గా మూసుకోకపోవడం జరుగుతుంది. అలాంటి బిడ్డ పుట్టే ముప్పు బాగా ఉన్న తల్లులకి ముందే ఫోలిక్ ఇస్తే 72 శాతం తగ్గిందని 1991లోనే బ్రిటన్ ట్రయల్ తేల్చింది. పుట్టే పిల్లలకి ల్యూకేమియా వస్తుందన్న భయం కూడా వద్దు. చాలా దేశాల లెక్కలు కలిపి చూస్తే, గర్భంతో ఉండగా ఫోలిక్, విటమిన్లు తీసుకున్న తల్లుల పిల్లల్లో అది కొంచెం తక్కువగానే కనిపించింది.

తగరపువలస కిరణ్
ఇప్పుడే వేసుకుంది. నిమ్మకాయ నీళ్ళతో. నన్ను నాలుగు తిట్లు కూడా తిట్టింది.

పెందుర్తి పెద్దమ్మ
తిట్టాలి మరి. కడుపుతో ఉన్నదానికి ఫోన్లో చదివి మందు మాన్పించేవాడు మొగుడేటి? మునగాకు పప్పు కూడా పెట్టు నాయనా, వారానికి రెండుసార్లు.

అడవివరం అబ్బాయి
డాక్టరన్నా, నాదో డౌటు. మా జిమ్‌లో అందరం ఎనర్జీ డ్రింకులు తాగుతాం. టారిన్ అనే పదార్థం ఉంటుంది కదా వాటిలో. అది ల్యూకేమియాకి మేత అని ఎక్కడో చూశాను.

రాత్రిడ్యూటీ
2025లో నేచర్ పత్రికలో వచ్చింది, రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళది. ఎముక మజ్జలో చుట్టుపక్కల కణాలు తయారుచేసే టారిన్‌ని ల్యూకేమియా కణాలు లాక్కుని పెరుగుతున్నాయని, ఎలుకల్లోనూ ప్రయోగశాలలో మనిషి కణాల్లోనూ చూశారు. డబ్బా తాగితే ల్యూకేమియా వస్తుందని అందులో లేదు. జబ్బున్నవాళ్ళు టారిన్ బిళ్ళలకి, అలాంటి డ్రింకులకి దూరంగా ఉండటం మంచిదంటాను. నువ్వు తమ్ముడూ, కొబ్బరిబోండాం తాగు. సింహాచలం కొండ కింద అంత చవగ్గా ఇంకెక్కడా దొరకవు.

భీమిలి మాస్టారు
విటమిన్ అంటే శత్రువని పిల్లలు అనుకోకూడదు కాబట్టి ఇంకొక్క మాట. ఏపీఎల్ అనే ల్యూకేమియాకి విటమిన్ ఏ నుంచి తయారయ్యే ట్రెటినాయిన్ అనే మందు ప్రాణం పోస్తుంది. 1980లలో షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ బృందం మొదలుపెట్టింది. పిచ్చిపట్టిన కణాన్ని చంపకుండా, అది ఎదగాల్సినట్టు ఎదిగేలా చేస్తుందట. మా బడిలో చదువుకున్న ఒక అమ్మాయి ఆ మందుతోనే బతికి బట్టకట్టింది. గత మాఘంలో పెళ్ళి, వెళ్ళొచ్చాను.

కంచరపాలెం రవి
గౌరిగారూ, మొదట్లో నేను రాసింది మీ అమ్మగారు చదివి ఉంటే క్షమించమనండి. మా అన్నయ్య 2016లో లింఫోమాతో, అదీ ఒక రకం రక్త క్యాన్సరే, పోయాడు. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఏదో ఒకటి దొరికితే దాన్ని తిట్టుకుని నిద్రపోవచ్చు కదా అనిపించేది. వాడు జిమ్‌కి వెళ్ళే రోజుల్లో ఏవో బిళ్ళలు వాడాడు. ఇన్నాళ్ళూ వాటినే తిట్టుకున్నాను.

సీతమ్మధార శారద
రవి గారూ 🙏

ఉక్కునగరం 78
అన్న పోయిన బాధ అలాంటిదే బాబూ. ఏ సాయంత్రమైనా ఇటు రా, టీ తాగుదాం.

గాజువాక గౌరి
మూడు రోజులుగా రాయలేకపోయాను. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళొచ్చాం. రేకు డబ్బా అలాగే పట్టుకెళ్ళాను. డాక్టరమ్మ ఒక్కొక్క స్ట్రిప్ తీసి వెనక్కి తిప్పి చదివారు. ఒకటి కూడా వద్దన్నారు. తర్వాత కుర్చీ అమ్మ వైపు జరుపుకుని "మీరు పెట్టినవాటివల్ల ఇది రాలేదమ్మా" అన్నారు. రాత్రిడ్యూటీ గారు రాసిన క్రోమోజోముల సంగతే బొమ్మ గీసి చూపించారు. అమ్మ ఆ కాగితం అడిగి తెచ్చుకుంది. ఇంటికొచ్చాక మేనత్తకి ఫోన్ చేసి తనే చదివి వినిపించింది. అవతల మేనత్త ఏడ్చింది. ఆవిడకీ తమ్ముడే కదా.

ఇమాటినిబ్ 400 మొదలుపెట్టాం. రోజుకి ఒకటి, అన్నం తిన్న వెంటనే పెద్ద గ్లాసుడు నీళ్ళతో.

మందులషాపు మల్కాపురం
2001లో వచ్చిన మందు అది. కంపెనీ మందు నెలకి లక్ష దాటేది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు పేటెంటు కుదరదన్నాక మన దేశపు తయారీకి అడ్డు లేకుండా పోయింది. ఆ తీర్పు లేకపోతే మనలాంటి ఇళ్ళకి ఇది అందేది కాదు. ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేసేవాళ్ళని చూశాను, మళ్ళీ మొదటికొచ్చింది.

రాత్రిడ్యూటీ
మూడో నెలలో బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష రాస్తారు. 10 శాతం లోపుకి వస్తే మందు బాగా పనిచేస్తున్నట్టే. అప్పటిదాకా రిపోర్టుల్లో బీ12 అంకె చూసి కంగారుపడకండి, తెల్లకణాలు తగ్గేకొద్దీ అదే దిగుతుంది. ఇంకొకటి, గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని ఈ మందు కాగితం మీదే ఉంటుంది. అది ఒంట్లో మందు మోతాదుని పెంచేస్తుంది. మన పంపరపనస కూడా ఆ కుటుంబానిదే, కాబట్టి అదీ వద్దు.

గాజువాక గౌరి
పంపరపనస మాట నాన్నగారికి చెప్పాను. ఆయనకి ప్రాణం అది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "చవితికి పాలవెల్లికి కట్టుకోవచ్చా?" అని.

రాత్రిడ్యూటీ
కట్టుకోవచ్చు. తినకుండా పంచిపెట్టేయమనండి.

పెందుర్తి పెద్దమ్మ
మా పెరట్లో చెట్టుంది గౌరీ. చవితి ముందు రోజు పెద్దది చూసి పంపిస్తాను. అమ్మ తింటోందా ఇప్పుడు?

గాజువాక గౌరి
తింటోంది పెద్దమ్మా. రాత్రి ఇద్దరూ కలిసి కూర్చున్నారు. పొద్దున్న ఇడ్లీ ప్లేటు అంచు మీద ఏమీ లేకపోతే నాన్నగారు కాసేపు చూస్తూ ఉండిపోయారు. అమ్మ అక్కడ ఒక జీడిపప్పు పెట్టింది.